ర్యాట్ పెడల్‌లో చిప్ మార్చినా కీచుదనం పోలేదు: ఇందులో నిజంగా మార్చాల్సింది ఏమిటి?

ప్రశ్న: నల్లగొండ గిటార్

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటాను. ఆదివారాలు చర్చిలో పాటల బృందంతోనూ, పెళ్లిళ్ల రోజుల్లో ఒక చిన్న ఆర్కెస్ట్రాతోనూ గిటార్ వాయిస్తుంటాను. ఇన్నాళ్లూ ఒక పాత మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్‌తోనే నెట్టుకొచ్చాను గానీ అందులోని డిస్టార్షన్ ఎన్నడూ మనసుకు పట్టలేదు. నాలుగు నెలల కిందట హైదరాబాద్‌లో ఒక గిటారిస్టు తన ర్యాట్ 2 పెడల్‌ను, అంటే గిటార్ గొంతును కరకుగా మార్చే డిస్టార్షన్ డబ్బాను, అమ్ముతున్నాడని తెలిసి, బస్సెక్కి వెళ్లి కొనుక్కొచ్చాను. నల్లటి ఇనుప డబ్బా, మూడు నాబ్‌లు, చేతిలోకి తీసుకుంటే ఇటుకంత బరువు. అమెరికాలో తయారైందని దాని మీద రాసి ఉంది. అమ్మినాయన తన ఇంట్లో ట్యూబ్ యాంప్లిఫయర్‌కు కలిపి వినిపించినప్పుడు దాని గొంతు ఎంత నచ్చిందంటే, నేను బేరం కూడా ఆడలేదు.

ఆ వారమే చర్చికి తీసుకెళ్లి, పెడల్ నుంచి వైరును మిక్సర్‌కు కలిపి మొదటి తీగ మీటగానే ఆ గొంతు కాస్తా మాయమైంది. కందిరీగల తుట్టెను కట్టెతో కదిపినట్టు ఒకటే రొద. డిస్టార్షన్ నాబ్ తగ్గిస్తే రొద తగ్గుతుంది గానీ గొంతు కూడా సన్నబడుతుంది. ఫిల్టర్ నాబ్‌ను ఎడమ చివరకు, అంటే తక్కువకు పెట్టాను. అయినా చెవుల్లో సూదులు గుచ్చినట్టే ఉంది.

కారణం వెతుకుతూ ఇంటర్నెట్‌లో చదివితే దాదాపు అందరూ ఒకే మాట రాశారు. పాత ర్యాట్‌లలో ఎల్‌ఎం308 అనే చిప్ ఉండేదట, ఆ పెడల్ మహిమంతా దానిదేనట, తరువాత కంపెనీ దాన్ని తీసేసి ఓపీ07 వేసిందట. నా పెడల్ విప్పి చూస్తే నిజంగానే ఓపీ07 ఉంది. దాంతో హైదరాబాద్‌లోని కోఠికి వెళ్లి ఒక దుకాణంలో ఎల్‌ఎం308 అడిగాను. దొరకని సరుకని చెప్పి, ఒక్క చిప్‌కు 650 రూపాయలు తీసుకున్నారు. మా ఊళ్లో టీవీలు బాగుచేసే అన్నతో పాత చిప్ ఊడదీయించి, ఎనిమిది కాళ్ల ఐసీ బేస్ వేయించి, కొత్తది అందులో గుచ్చాను. ఏమీ మారలేదు. నిజానికి ఏమీ మారకపోవడమే నాకు విచిత్రంగా తోచింది, ఎందుకంటే అంతమంది అంత గట్టిగా చెప్పిన తేడాలో రవ్వంతైనా వినబడాలి కదా.

నా సందేహాలు మూడు. ఈ చిప్ కథలో నిజమెంత? నాకు అమ్మింది అసలైన ఎల్‌ఎం308 అవునో కాదో ఇంట్లో తేల్చుకునే మార్గం ఉందా? ఈ పెడల్‌లో నిజంగా ప్రయోజనం ఇచ్చే మార్పులు ఏవి? టంకం వేయడం నాకు కొద్దిగా వచ్చు, మల్టీమీటర్ ఉంది, ఆసిలోస్కోపు లేదు.

జవాబు: పాత రేడియో మెకానిక్, మహబూబ్‌నగర్

తమ్ముడూ, కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. నీ విషయంలో ఎలుక ముందే చేతిలో ఉంది, నువ్వు తీరిగ్గా కొండ తవ్వుతున్నావు. నేను మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లుగా రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. ర్యాట్ పెడల్స్ నా బల్ల మీదికి నాలుగే వచ్చాయి గానీ, వాటి మీద ఉన్న ఇష్టం కొద్దీ కథంతా చదివి తెలుసుకున్నాను. నీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ కథలోనే ఉంది కనుక కొంచెం ఓపికగా చదువు.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊరు ఉంది. అక్కడి ప్రోకో సౌండ్ అసలు పెడల్స్ కంపెనీ కాదు. స్టేజీ మీద వాడే కేబుళ్లు, మైకుల తీగల కట్టలు చేసి అమ్మేది. అందులో పనిచేసే స్కాట్ బర్న్‌హమ్‌కు గిటారిస్టుల ఫజ్ పెడల్స్ బాగుచేయడం, వాటిని మరింత మొరటుగా మోగేలా మార్చడం అలవాటు. ఆ పనిలోంచే సొంతంగా ఒక సర్క్యూట్ పుట్టింది. 1978లో ఓ డజను పెట్టెలు చేత్తో చేశారు, మరుసటి ఏడాది నుంచి వరుసగా తయారీ మొదలైంది. ఆ పని జరిగిన భవనం కింది గదిలో ఎలుకల బెడద ఎక్కువగా ఉండేదట, పేరు అక్కడి నుంచే వచ్చింది. 1984లో పెట్టె చిన్నదైంది. 1988లో ఆన్ అయిందో లేదో తెలిపే ఎల్‌ఈడీతో ర్యాట్ 2 వచ్చింది. నీ దగ్గర ఉన్నది ఈ వరసదే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట చెబుతాను. ఆప్ ఆంప్, అంటే గిటార్ సిగ్నల్‌ను పెంచే ఆ చిప్, ఎంత బలంగా పెంచాలో నిర్ణయించే చోట బర్న్‌హమ్ 470 ఓమ్‌ల రెసిస్టర్ వేయబోయి, పొరపాటున 47 ఓమ్‌లది వేశాడని చెబుతారు. టంకం పని చేసిన వాళ్లెవరికైనా ఇది ఎలా జరిగిందో ఇట్టే అర్థమవుతుంది. రెండింటికీ మొదటి పట్టీ పసుపు, రెండోది ఊదా. మూడోది మాత్రం ఒకదానికి గోధుమ రంగు, మరొకదానికి నలుపు. ట్యూబ్‌లైట్ వెలుతురులో, కాస్త మసి పట్టిన రెసిస్టర్ మీద గోధుమకు, నలుపుకు తేడా పట్టడానికి నేను ఇప్పటికీ భూతద్దం తీస్తాను. ఆ ఒక్క సున్నా తప్పిపోవడంతో గెయిన్, అంటే పెంచే రెట్లు, అనుకున్న దానికంటే ఎంతో ఎత్తుకు పోయింది. చిప్‌కు ఊపిరాడని పరిస్థితి వచ్చింది. ఆ ఉక్కిరిబిక్కిరే జనానికి నచ్చింది. జెఫ్ బెక్ వంటి మహామహుడు దాన్ని వాడాడు. జాజ్ వాయించే జాన్ స్కోఫీల్డ్ కూడా ఏళ్ల తరబడి తన దగ్గర ఉంచుకున్నాడు. రాక్ వాళ్లకు, జాజ్ వాళ్లకు ఒకే పెడల్ నచ్చడం అరుదు.

ఇక చిప్ సంగతి. ఎల్‌ఎం308ను సంగీతం కోసం చేయలేదు. నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ విడ్లార్ అనే మేధావి రూపొందించిన ఎల్‌ఎం108కు ఇది మామూలు వేడిమికి సరిపడే చవక తమ్ముడు. అతి సన్నని కరెంట్లను కొలిచే పరికరాల కోసం చేసింది. దాని నడక నిదానం. తయారీ ఆగిపోతూ వచ్చాక, 2000 తరువాతి సంవత్సరాల్లో కంపెనీ ఓపీ07 వేయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి పాతదానికి గిరాకీ పెరిగింది, గిరాకీ వెంటే దొంగ సరుకూ వచ్చింది. మామూలు చిప్ మీది అక్షరాలు గీకేసి, కొత్త పేరు అచ్చువేసి అమ్మడం మన మార్కెట్లలో కొత్త కాదు. పాత ఆడియో ఐసీల విషయంలో నేను ఈ దెబ్బ ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. కనుక నీ 650 రూపాయల మీద నాకు అనుమానంగానే ఉంది.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. పాత ర్యాట్‌లకు అడాప్టర్ పెట్టే చోట ఇప్పటి గుండ్రటి పిన్ను కాకుండా, ఇయర్‌ఫోన్ పిన్ను లాంటి చిన్న జాక్ ఉండేది, దాని కొన పాజిటివ్. ఇప్పటి పెడల్స్‌లో పిన్ను నడిమధ్య నెగటివ్. నీ పెడల్‌కు ఏది ఉందో చూడకుండా, కన్వర్టర్ ముక్క పెట్టి ఏదో ఒక అడాప్టర్ గుచ్చొద్దు. పరీక్షలన్నీ 9 వోల్టుల బ్యాటరీతో చెయ్యి. ఈ పెడల్ తాగే కరెంటు చాలా తక్కువ కనుక మంచి బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. వాయించనప్పుడు గిటార్ పిన్ను ఊడదీయడం మాత్రం మరచిపోకు, ఎందుకంటే పిన్ను గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

జవాబు: ఓమ్ పంతులు, వనపర్తి

పై జవాబులో చరిత్ర చక్కగా వచ్చింది కనుక నేను సర్క్యూట్ జోలికి వెళతాను. పాఠం చెప్పే అలవాటు వల్ల అంకెలు కొంచెం ఎక్కువగా వస్తాయి, మన్నించండి.

ముందుగా మీ రెండో ప్రశ్న. చిప్ అసలుదో కాదో తేల్చడానికి ఆసిలోస్కోపు అక్కర్లేదు, మీ మల్టీమీటర్ చాలు. ఈ పెడల్‌లో రెండు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు బ్యాటరీ వోల్టేజీని సగం చేస్తాయి. ఆ సగం వోల్టేజీ ఒక మెగా ఓమ్ రెసిస్టర్ గుండా ఆప్ ఆంప్ ఇన్‌పుట్‌కు చేరుతుంది. చిప్ ఇన్‌పుట్ ఎప్పుడూ కొద్దిగా కరెంటు తాగుతుంది. అసలైన ఎల్‌ఎం308 తాగేది సుమారు 1.5 నానో ఆంపియర్లు కాగా, మార్కెట్లో కుప్పలుగా దొరికే 741 అనే మామూలు ఆప్ ఆంప్ తాగేది సుమారు 80 నానో ఆంపియర్లు. అదే కరెంటు మెగా ఓమ్ గుండా పారితే మొదటిదానికి పడిపోయేది రెండు మిల్లీవోల్టుల లోపు, రెండోదానికి దాదాపు 80 మిల్లీవోల్టులు. గెయిన్‌ను నిర్ణయించే దారిలో కెపాసిటర్లు ఉన్నందువల్ల ఈ స్థిర వోల్టేజీకి గెయిన్ ఒకటే. అందువల్ల ఇన్‌పుట్‌లో పడిపోయినంతా అవుట్‌పుట్‌లో, అంటే ఆరో కాలు దగ్గర, అలాగే కనబడుతుంది. డిస్టార్షన్ నాబ్‌ను తక్కువకు తిప్పి, గిటార్ వాయించకుండా, మీటర్ ఒక మొనను ఆ రెండు 100 కిలో ఓమ్‌లు కలిసే చోట, మరొక మొనను ఆరో కాలు మీద పెట్టండి. నాలుగైదు మిల్లీవోల్టులు చూపిస్తే అది ఎల్‌ఎం308 కావచ్చు. పదుల మిల్లీవోల్టులు చూపిస్తే కచ్చితంగా కాదు. ఓపీ07 కూడా తక్కువే తాగుతుంది కనుక, ఈ పరీక్ష దొంగను పట్టిస్తుంది గానీ అసలుకు ధ్రువపత్రం ఇవ్వదు.

దానికి ఇంకో పరీక్ష ఉంది. బోర్డు మీద ఒకటో కాలికి, ఎనిమిదో కాలికి మధ్య 30 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ఉందేమో చూడండి. అది ఎల్‌ఎం308కు కళ్లెం లాంటిది. చిప్ లోపల అలాంటిది లేదు కనుక బయట పెట్టాలి. లేకపోతే, ముఖ్యంగా గెయిన్ తక్కువగా ఉన్నప్పుడు, చిప్ తనంతట తానే ఊగిసలాడి కూస్తుంది. 741కి గానీ ఓపీ07కి గానీ కళ్లెం లోపలే ఉంటుంది కనుక, ఆ కెపాసిటర్ ఒక కాలు ఎత్తినా వాటిలో పెద్దగా మార్పు రాదు.

ఇక తేడా ఎంత అన్నది. ఎల్‌ఎం308 అవుట్‌పుట్ ఒక మైక్రోసెకనులో 0.3 వోల్టు మాత్రమే ఎక్కగలదు. దీన్నే స్లూ రేటు అంటాం. ఓపీ07దీ అంతే, 0.3. కంపెనీ ఏదో ఒక చిప్ వేసి చేతులు దులుపుకోలేదని ఇక్కడే తెలుస్తుంది. నిదానానికి నిదానమే వెతికి వేసింది. అదే చోట టీఎల్071 వేస్తే అది మైక్రోసెకనుకు 13 వోల్టులు ఎక్కుతుంది, అక్కడ గొంతు మారడం కొందరు వింటారు. అయితే ఆప్ ఆంప్ తరువాత డయోడ్లు ఉన్నాయి. అవి అటూ ఇటూ 0.6 వోల్టు దగ్గరే తరంగాన్ని నరికేస్తాయి. మనం వినేది ఆ 1.2 వోల్టుల ముక్కనే. 0.3 వేగంతో ఆ ముక్క దాటడానికి పట్టేది నాలుగు మైక్రోసెకన్లు. నాలుగు మైక్రోసెకన్ల వాలును చెవి పట్టగలదని ఎవరైనా అంటే, కళ్లకు గంతలు కట్టి పరీక్ష పెట్టాలనిపిస్తుంది. నిదానపు చిప్‌కు మరో గుణం ఉంది, అది ముఖ్యం. అంత గెయిన్ అడిగినప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర దానికి శక్తి చాలదు, అందువల్ల పై స్వరాలు వాటంతట అవే మెత్తబడతాయి. ఆ గుణం కూడా రెండు చిప్‌లలో దాదాపు సమానమే.

ఇప్పుడు అసలు విషయం, 47 ఓమ్‌లు. ఆప్ ఆంప్ రెండో ఇన్‌పుట్ నుంచి నేలకు, అంటే గ్రౌండ్‌కు, రెండు దారులు ఉన్నాయి. ఒకటి 560 ఓమ్‌లు, 4.7 మైక్రోఫారడ్. ఇది 60 హెర్ట్జ్ నుంచే పనిచేస్తుంది, అంటే గిటార్ మొత్తాన్నీ పెంచుతుంది. రెండోది 47 ఓమ్‌లు, 2.2 మైక్రోఫారడ్. ఇది సుమారు 1,500 హెర్ట్జ్ పైనే పూర్తిగా తెరుచుకుంటుంది, అంటే పై స్వరాలను మరీ ఎక్కువగా పెంచుతుంది. డిస్టార్షన్ నాబ్ 100 కిలో ఓమ్‌ల దగ్గర ఉన్నప్పుడు రెండు దారులూ కలిసి ఇచ్చే గెయిన్ 2,300 రెట్లు, అంటే 67 డెసిబెల్స్. 47 ఓమ్‌ల కాలు ఎత్తేస్తే మిగిలేది 180 రెట్లు, 45 డెసిబెల్స్. బర్న్‌హమ్ వేయాలనుకున్న 470 వేస్తే 52 డెసిబెల్స్. చిప్ మార్చితే వచ్చే తేడా రవ్వంతైతే, ఇక్కడ వచ్చేది 22 డెసిబెల్స్, అదీ కీచుమనే చోటనే. కాలు ఎత్తేసే ఈ పద్ధతిని విదేశాల్లో రూట్జ్ మాడ్ అంటారు. పూర్తిగా ఎత్తేస్తే ర్యాట్ కరకుదనం పోయి మెత్తని ఓవర్‌డ్రైవ్ అవుతుంది. అందుకని ఎత్తిన కాలికి, బోర్డుకు మధ్య ఒక కిలో ఓమ్ ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్, పెట్టమని నా సలహా. సున్నా దగ్గర పాత ర్యాట్, పూర్తిగా తిప్పితే మెత్తని ర్యాట్, మధ్యలో మీకు నచ్చినది. స్విచ్ పెట్టేవారు ఉన్నారు గానీ, స్విచ్ వేసినప్పుడు కెపాసిటర్ చార్జి మారడంతో స్పీకర్‌లో టప్పుమంటుంది.

డయోడ్ల మార్పు కూడా తేలికే. బోర్డు మీదివి సిలికాన్‌వి. వాటి స్థానంలో రెండు ఎర్ర ఎల్‌ఈడీలు వేస్తే నరికే ఎత్తు 0.6 నుంచి దాదాపు 1.7 వోల్టులకు పోతుంది, శబ్దం సుమారు 9 డెసిబెల్స్ పెరుగుతుంది, నొక్కి వాయించినదానికీ మెల్లగా వాయించినదానికీ తేడా బాగా తెలుస్తుంది. కంపెనీ టర్బో ర్యాట్‌లో చేసింది ఇదే. జర్మేనియం వేస్తే ఎత్తు తగ్గి, గొంతు బొంగురుగా, మెత్తగా అవుతుంది. మీకున్న ఇబ్బందికి ఎల్‌ఈడీలు వద్దు, అవి రొదను మరింత బిగ్గరగా వినిపిస్తాయి.

ఏది చేసినా ఒక్కొక్కటిగా చేయండి, ప్రతి మార్పు తరువాత ఒకే పాట ముక్క ఒకే నాబ్ స్థానాలతో ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మూడు మార్పులు ఒకేసారి చేసి బాగుందనుకున్న మా విద్యార్థికి ఏది బాగుచేసిందో ఇప్పటికీ తెలియదు.

జవాబు: ఆర్కెస్ట్రా గిటార్, మిర్యాలగూడ

పెద్దలిద్దరూ పెడల్ లోపల చూశారు. నేను బయట చూస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. అమ్మినాయన ఇంట్లో ట్యూబ్ యాంప్లిఫయర్, మీ చర్చిలో మిక్సర్. పెడల్ అదే, గిటార్ అదే, మారింది పెడల్ తరువాత వచ్చేది మాత్రమే.

గిటార్ యాంప్లిఫయర్‌లోని 12 అంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు మూగబోతుంది. డిస్టార్షన్ పెడల్స్ అన్నీ ఆ స్పీకర్ ముందు మోగుతాయన్న లెక్కతోనే చేసినవి. మీ చర్చి పీఏ, అంటే హాలంతటికీ వినిపించే స్పీకర్ బాక్సుల్లో హారన్లు, ట్వీటర్లు ఉంటాయి. అవి 15 కిలోహెర్ట్జ్ దాకా నిజాయితీగా వినిపిస్తాయి. తరంగాన్ని డయోడ్లు నరికినప్పుడు పుట్టే చెత్తంతా ఆ పైనే ఉంటుంది. యాంప్లిఫయర్ స్పీకర్ ఆ చెత్తను జల్లెడ పట్టి ఆపుతుంది, పీఏ ఆపదు. కందిరీగలు అక్కడి నుంచే వస్తున్నాయి. దీనికి చిప్‌తో సంబంధమే లేదు.

రెండో సంగతి, ఫిల్టర్ నాబ్‌ను మీరు తిరగేసి వాడుతున్నారు. మామూలు టోన్ నాబ్‌ను ఎడమకు తిప్పితే గొంతు మెత్తబడుతుంది. ర్యాట్‌లో ఎడమకు తిప్పితే పై స్వరాలన్నీ అడ్డూ ఆపూ లేకుండా పోతాయి, కుడికి తిప్పితే మెత్తబడతాయి. పూర్తిగా ఎడమకు పెట్టి మీరు తలుపు బార్లా తెరిచారు. ఓమ్ పంతులుగారు లెక్క వేస్తే ఒక చివర 32 కిలోహెర్ట్జ్, మరో చివర 475 హెర్ట్జ్ అని చెబుతారు. నేను చెప్పేది మాత్రం, పీఏకు నేరుగా కలిపినప్పుడు మూడు వంతులు కుడికి తిప్పి మొదలుపెట్టండి.

మూడోది మీరు వినగానే నవ్వుకుంటారు. మీ పాత మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ అమ్మేశారా? అమ్మకపోతే, ర్యాట్‌ను దాని ముందు పెట్టి, యూనిట్‌లోని డిస్టార్షన్, కోరస్ అన్నీ ఆపేసి, క్యాబినెట్ అని ఉండే ఒక్కదాన్ని మాత్రం ఆన్ చేయండి. అది ఆ 12 అంగుళాల స్పీకర్ పని చేస్తుంది. నేను పెళ్లిళ్లలో ఇలాగే వాయిస్తాను, ఎందుకంటే షామియానాలోకి యాంప్లిఫయర్ మోసుకెళ్లే ఓపిక ఎవరికీ లేదు.

కరెంటు గురించి కూడా ఒక మాట. మా ఊరు రైస్ మిల్లుల ఊరు. మోటార్లు తిరిగేటప్పుడు లైనులో వచ్చే గరగర, డెకరేషన్ లైట్ల చోక్‌ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుంయ్‌మనే రొద, రెండూ ఇంత గెయిన్ ఉన్న పెడల్‌లోకి దూరి రాగం తీస్తాయి. బ్యాటరీ మీద పెట్టినప్పుడు పోతే తప్పు అడాప్టర్‌ది. అప్పటికీ పోకపోతే గిటార్‌ను పట్టుకుని నిలబడిన చోటే నెమ్మదిగా తిరగండి. ఒక దిక్కుకు తిరిగినప్పుడు రొద తగ్గితే తప్పు గిటార్ మీద తీగల కదలికను పట్టే సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) పికప్‌ది. నేను కొన్ని పెళ్లిళ్లలో వధూవరులకు వీపు చూపించి వాయించాల్సి వచ్చింది.

ప్రశ్న వేసినవారి స్పందన: నల్లగొండ గిటార్

ముగ్గురికీ వేల దండాలు. శనివారం సాయంత్రమంతా దీని మీదే కూర్చున్నాను, ఆదివారం చర్చిలో వాయించి వచ్చాక ఇది రాస్తున్నాను.

మొదట చిప్ పరీక్ష. 650 రూపాయల ఎల్‌ఎం308కు మీటర్ 91 మిల్లీవోల్టులు చూపించింది. బ్యాటరీ మార్చి, మొనలు శుభ్రం చేసి మళ్లీ చూశాను, మళ్లీ 91. పాత ఓపీ07ను డబ్బాలో దాచి ఉంచడం మంచిదైంది. దాన్ని గుచ్చితే 3 మిల్లీవోల్టులు వచ్చింది. దొంగ చిప్ పై ముఖాన్ని ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూస్తే, అక్షరాల కింద గీకిన సన్నటి గీతలు కనబడ్డాయి. నా డబ్బు ఎలాగూ తిరిగి రాదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి, అంత పెద్ద తేడా మీటర్‌కు తెలిసింది గానీ, రెండు చిప్‌లూ మార్చి మార్చి వింటే నా చెవికి తెలియలేదు.

ఫిల్టర్ నాబ్‌ను కుడికి తిప్పగానే సగం రొద పోయింది. నాలుగు నెలలుగా తిరగేసి వాడినందుకు సిగ్గుగా ఉంది. అటక మీద ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ దించి, దుమ్ము తుడిచి, క్యాబినెట్ ఒక్కటే ఆన్ చేసి దాని గుండా పంపితే మిగిలిన సగం కూడా పోయింది. హైదరాబాద్‌లో ఆ ఇంట్లో విన్న గొంతు పూర్తిగా కాదు గానీ, దాని తమ్ముడి గొంతు అనవచ్చు. ఎక్కడా టంకం పెట్టకుండానే ఇంత జరిగింది.

అయినా చేయి ఊరుకోలేదు. 47 ఓమ్‌ల రెసిస్టర్ ఒక కాలు ఎత్తి, ఒక కిలో ఓమ్ ప్రీసెట్ వేశాను. పంతులుగారు చెప్పినట్టే సున్నా దగ్గర పాత గొంతు, చివర మరీ సాధువు. చర్చి పాటల్లో నిలిపి పట్టే స్వరాలు ఎక్కువ, పక్కన కీబోర్డు కూడా ఉంటుంది. అక్కడ పూర్తి కరకుదనం పెడితే పాట మాటలు వినబడవు. తిప్పుకుంటూ పోతే ఒకచోట మనసు కుదిరింది. ఊడదీసి కొలిస్తే 200 ఓమ్‌లు ఉంది. ఇదివరకు రొదకు వెనక్కి తిరిగి చూసే పాస్టరుగారు నిన్న తిరగలేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఇప్పుడు గెయిన్ ఎంత అయినట్టు? ప్రీసెట్‌ను ఇలాగే వదిలేయవచ్చా, లేక తీసేసి స్థిరమైన రెసిస్టర్ వేయాలా?

జవాబు: ఓమ్ పంతులు, వనపర్తి

ప్రీసెట్ 200, దాని వెనుక 47, మొత్తం 247 ఓమ్‌లు. దానికి సమాంతరంగా 560 ఉంది కనుక రెండూ కలిసి 171. 100 కిలో ఓమ్‌లను దానితో భాగిస్తే సుమారు 585 రెట్లు, 55 డెసిబెల్స్. రెండో దారి తెరుచుకునే చోటు కూడా 1,500 నుంచి దాదాపు 300 హెర్ట్జ్‌కు దిగింది. అంటే పై స్వరాలకు మాత్రమే దక్కిన అదనపు బలం ఇప్పుడు మధ్య స్వరాలకు కూడా పంచబడుతోంది. మాటలు వినబడటానికి, గొంతు నిండుగా అనిపించడానికి కారణం అదే. మీరు బర్న్‌హమ్ వేయాలనుకున్న 470కి మూడు డెసిబెల్స్ దూరంలోకి చెవితోనే చేరుకున్నారు. స్థిరంగా ఉంచదలిస్తే ప్రీసెట్, 47 రెండూ తీసేసి 240 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటి వేస్తే సరిపోతుంది.

జవాబు: పాత రేడియో మెకానిక్, మహబూబ్‌నగర్

తమ్ముడూ, ఇప్పుడే రెసిస్టర్ వేసి దారి మూసుకోకు. పెళ్లిళ్ల సీజన్ వచ్చాక డ్రమ్ముల పక్కన వాయించి చూడు, అక్కడ నీకు మళ్లీ కరకుదనం కావాలనిపిస్తుంది. అప్పటిదాకా ప్రీసెట్‌నే ఉంచి, స్టేజీ అదురుకు అది జరగకుండా తిరిగే మూతి మీద ఒక చుక్క గోళ్ల రంగు వెయ్యి. గట్టిపడితే కదలదు, మార్చాలనుకున్నప్పుడు స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా నొక్కి తిప్పితే పెళుసుగా ఊడిపోతుంది. మా రేడియో కాయిల్స్‌కు ఎప్పటి నుంచో ఇదే మందు. చవకదే తీసుకో, ఖరీదైనది తొందరగా ఊడదు.